లైఫ్ సర్టిఫికెట్టు

మా ఇంట్లో దేవుడి గూటి పక్కనే ఏడు గళ్ళ ప్లాస్టిక్ డబ్బా ఒకటి వుండేది. వారానికి ఏడు రోజులు, రోజుకొక గడి. ఆదివారం పొద్దున్నే పూజ చేసినా చెయ్యకపోయినా, ఆ డబ్బా నింపడం మాత్రం నేను మరిచేవాణ్ణి కాను. రక్తపోటుకి ఒక మాత్ర, షుగరుకి రెండు, కొలెస్టరాలుకి ఒకటి. అన్నీ మా నాన్నగారివే. వేళ తప్పకుండా వాటిని ఆయన చేత మింగించి, "కొడుకంటే నాలాగ వుండాలి" అని లోలోపల మురిసిపోయేవాణ్ణి. అయినా ఆయన నా కళ్ళముందే చిక్కిపోతూ వచ్చారు.

మా నాన్నగారు తపాలా శాఖలో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. తెనాలి దగ్గర ఒక చిన్న వూళ్ళో మాకు తాతలనాటి పెంకుటిల్లు వుంది. ఇంటిముందు వీధి పొడుగునా అరుగు. రిటైరయిన మర్నాటి నుంచే ఆయన ఆఫీసు ఆ అరుగు మీదికి మారింది. జీతం లేదన్న మాటే గాని, పనివేళలు తప్పేవి కావు. బ్యాంకు ఫారాలు నింపించుకునేవాళ్ళు, కరెంటు బిల్లు ఎక్కువ వేశారని అర్జీ రాయించుకునేవాళ్ళు, హైదరాబాదులోని కొడుకు పంపిన కాగితం చదివించుకునే ముసలమ్మలు, ఏ పనీ లేక వూరికే వచ్చి కూర్చునేవాళ్ళు. నవంబరు వస్తే ఇక చెప్పనక్కర్లేదు. పింఛనుదారులు తాము బతికే వున్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చుకోవాలి గదా! వూళ్ళోని పింఛనుదారులందరినీ పోగుచేసి, ఆటో మాట్లాడి, వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఎవరైనా రాకపోతే వాళ్ళ గుమ్మం దగ్గరికే వెళ్ళి, "ఏమోయ్, వున్నావా, లేవా?" అని కేక వేసేవారు.

మూడేళ్ళ క్రితం మా అమ్మ పోయింది. పెద్దకర్మ అయిన వారానికి నాన్నగారిని విజయవాడలోని మా ఫ్లాటుకి తీసుకొచ్చేశాను. డెబ్బయి అయిదేళ్ళ మనిషిని పల్లెటూళ్ళో ఒక్కణ్ణీ ఎలా వదిలిపెడతాను చెప్పండి? మాది మూడో అంతస్తు. లిఫ్టు వుంది, ఎ.సి. వుంది, ఆస్పత్రి నాలుగడుగుల్లో వుంది. పొద్దున తొమ్మిదిన్నరకల్లా నేను కాలేజీకీ, మా ఆవిడ బ్యాంకుకీ, పిల్లవాడు స్కూలుకీ వెళ్ళిపోతాం. మధ్యాహ్నానికి అన్నం, కూర, చారు హాట్‌బాక్సుల్లో సిద్ధంగా వుంటాయి. ఇంకేం లోటు అనుకున్నాను.

ఆ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఎక్కడికీ వెళ్ళనక్కర లేకపోయింది. ఇప్పుడు ఫోనులో ముఖం చూపిస్తే చాలు. ఆయన్ను కిటికీ దగ్గర వెలుతుర్లో కూచోబెట్టి, "ఒకసారి కళ్ళు ఆర్పండి నాన్నగారూ" అన్నాను. పని అయిపోయింది. "చూశారా, రెండు నిమిషాలు!" అన్నాను గర్వంగా. ఆయన నవ్వి, "బతికే వున్నానని ఫోను ఒప్పుకుందిరా. నాకే నమ్మకం కలగటం లేదు" అన్నారు. ఏదో హాస్యానికి అన్నారనుకున్నాను.

పది నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. తిండి సయించదు, రాత్రిళ్ళు నిద్ర లేదు. రక్తపోటు మాత్ర ఒకటి కాస్తా రెండయింది. రక్తం, మూత్రం, గుండె, కడుపు అన్నీ పరీక్ష చేయించాను. కొత్త జబ్బేమీ కనిపించలేదు. చివరికి మేము చూపించుకునే డాక్టరుగారు కాగితాలన్నీ పక్కన పెట్టి, "పెద్దాయనా, మీరు రోజూ ఎవరితో మాట్లాడతారు?" అని అడిగారు.

"టీవీలో వార్తలు చదివే వాళ్ళతోనండి. కాకపోతే వాళ్ళు నా మాట వినిపించుకోరు" అన్నారు నాన్నగారు.

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరుగారు నావైపు తిరిగి, "మాస్టారూ, ఈయన ఆకలికి మందు నా దగ్గర లేదు. మీరు పుస్తకాలు చదివేవారు గదా, రొసెటో అనే వూరి సంగతి ఎప్పుడైనా చదివారా?" అన్నారు. చదవలేదు. పాఠం చెప్పే వాడికి ఎవరైనా పాఠం అప్పజెబితే ఎలా వుంటుందో ఆ రోజు తెలిసింది. ఇంటికి వచ్చి ఆ సంగతులన్నీ వెతికి వెతికి చదివాను. తెలుగు మేష్టారికి వైద్యం గొడవ ఎందుకని మీరు నవ్వుకోవచ్చు. కాని కన్నతండ్రి సంగతి వచ్చినప్పుడు మన సబ్జెక్టా కాదా అని చూడం గదా!

రొసెటో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని చిన్న వూరు. 1880ల్లో దక్షిణ ఇటలీ నుంచి, రొసెటో వల్‌ఫొర్తొరే అనే కొండపల్లె నుంచి, పొట్ట చేత పట్టుకుని వలస వచ్చినవాళ్ళు కట్టుకున్నది. సొంతవూరి పేరే దానికీ పెట్టుకున్నారు. మగవాళ్ళు పలకరాతి గనుల్లో పనిచేసేవారు. తరువాత ఆడవాళ్ళు జాకెట్లు కుట్టే మిల్లుల్లో చేరారు. 1961 ప్రాంతంలో స్టూవర్ట్ వుల్ఫ్ అనే వైద్యశాస్త్రం ప్రొఫెసరుకి అక్కడి డాక్టరొకాయన మాటల మధ్యలో ఒక వింత చెప్పాడు. రొసెటోవాళ్ళకి అరవయ్యయిదేళ్ళ లోపు గుండెపోటు రావటం తాను దాదాపు చూడలేదన్నాడు. అమెరికాలో గుండెపోటు మగవాళ్ళను పిట్టల్లా రాలుస్తున్న రోజులవి.

వుల్ఫ్, జాన్ బ్రూన్ అనే సామాజిక శాస్త్రవేత్త కలిసి ఆ వూరిని పట్టుకున్నారు. తిండి కారణమేమో అని చూశారు. వాళ్ళు వంట చేసేది పందికొవ్వుతో! చుట్టలు కాల్చేవారు, వైను తాగేవారు, చాలామంది లావుపాటి మనుషులు. రక్తమహిమా అంటే, ఇటలీలోని అదే పల్లె నుంచి వచ్చి అమెరికాలో వేరే చోట్ల స్థిరపడిన వాళ్ళ బంధువులకి ఈ రక్షణ లేదు. నీళ్ళూ గాలీ కారణమా అంటే, కూతవేటు దూరంలో వున్న బాంగర్ వూరివాళ్ళు అందరిలాగే గుండెపోటుతో పోతున్నారు. 1964లో అచ్చయిన వాళ్ళ మొదటి నివేదిక ప్రకారం, రొసెటోలో గుండెపోటు చావులు ఇరుగుపొరుగు వూళ్ళలో కంటె సగానికి తక్కువ.

మరి ఏమిటి కారణం? వూళ్ళోకి వెళ్ళి చూస్తే ఒకే కప్పు కింద మూడు తరాలు. వీధికి దగ్గరగా ఇళ్ళు, ముందర వరండాలు. సాయంకాలం కాగానే అందరూ వీధిలో నడుస్తూ ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోవడం. పట్టుమని రెండువేల జనాభా లేని వూళ్ళో ఇరవైకి పైగా సంఘాలు. డబ్బున్నవాడు డాబు చూపిస్తే నలుగురూ ముఖం చిట్లించేవారు. చితికిపోయినవాణ్ణి వీధిన పడనిచ్చేవారు కారు. ముసలివాళ్ళకి ఇంట్లో పెత్తనం వుండేది. వరండా అనే మాట చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూచున్నాను. మా అరుగు కళ్ళముందు కనిపించింది.

కథ అక్కడితో ఆగలేదు. ఈ వూరు కూడా తక్కిన అమెరికాలా మారితే ఈ రక్షణ పోతుందని వుల్ఫ్ బృందం ముందే చెప్పింది. అలాగే జరిగింది. 1960ల చివరికి చదువుకున్న పిల్లలు వూరి బయట విడివిడిగా పెద్ద ఇళ్ళు కట్టుకున్నారు. కంచెలు వేసుకున్నారు, కార్లు కొన్నారు. రొసెటో, బాంగర్ వూళ్ళలో యాభై ఏళ్ళ మరణాల పత్రాలు పోల్చి 1992లో ఒక పరిశోధన అచ్చువేశారు. అప్పటికి రెండు వూళ్ళకీ తేడా పోయింది. పందికొవ్వుకి లొంగని గుండె కంచెకి లొంగింది.

ఒక్క వూరి కథ పట్టుకుని సిద్ధాంతం చెయ్యకూడదు, నిజమే. జబ్బుమనిషి నలుగురిలోకి రాలేక ఒంటరివాడవుతాడేమో గాని, ఒంటరితనం వల్ల జబ్బు వస్తుందా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. కాలిఫోర్నియాలో ఆలమీడా కౌంటీ అని వుంది. 1965లో అక్కడ ఇంచుమించు ఏడువేల మందిని మీకు పెళ్ళయిందా, స్నేహితులూ బంధువులూ ఎంతమంది, ఏ సంఘంలో వున్నారు అని అడిగి రాసుకుని, తొమ్మిదేళ్ళపాటు వాళ్ళను గమనించారు. బర్క్‌మన్, సైమ్ అనే పరిశోధకులు 1979లో ఆ లెక్కలు అచ్చువేశారు. అనుబంధాలు బాగా తక్కువ వున్నవాళ్ళు, ఎక్కువ వున్నవాళ్ళ కంటె, మగవాళ్ళలో 2.3 రెట్లు, ఆడవాళ్ళలో 2.8 రెట్లు ఎక్కువగా చనిపోయారు. మొదట్లో ఆరోగ్యం ఎలా వుంది, పొగ తాగుతారా, మద్యం తాగుతారా, ఒళ్ళెంత అన్న లెక్కలు తీసేసినా ఆ తేడా పోలేదు. తరువాత 2010లో ఇలాంటి 148 పరిశోధనలనీ, మొత్తం మూడు లక్షల ఎనిమిదివేలకు పైగా మనుషులనీ కలిపి లెక్కవేస్తే, గట్టి అనుబంధాలున్నవాళ్ళు బతికి వుండే అవకాశం తక్కిన వాళ్ళకంటె యాభై శాతం ఎక్కువని తేలింది.

1997లో షెల్డన్ కోహెన్ చేసిన పరీక్ష ఇంకా చిత్రమైనది. ఆరోగ్యంగా వున్న 276 మందిని ఒప్పించి, వాళ్ళ ముక్కుల్లో జలుబు క్రిములు చుక్కలుగా వేసి, అయిదు రోజులు విడిగా వుంచాడు. ముందే వాళ్ళకి భార్యో భర్తో, తల్లిదండ్రులు, పిల్లలు, అత్తమామలు, ఇరుగుపొరుగు, స్నేహితులు, తోటి వుద్యోగులు ఇలా పన్నెండు రకాల సంబంధాల్లో ఎన్ని వున్నాయో రాసుకున్నాడు. ఆరు రకాలో అంతకు మించో వున్నవాళ్ళ కంటె, మూడు రకాలకు మించి లేనివాళ్ళకి జలుబు పట్టే ప్రమాదం 4.2 రెట్లు. క్రిమి అందరికీ సమానంగానే ఇచ్చారు. మనుషులు మాత్రం సమానంగా లేరు.

ఇదేమీ మాయ కాదట. ఆపద వస్తే ఆదుకునేవాళ్ళు లేరన్న బెంగతో వుండే శరీరం ఎప్పుడూ దెబ్బ కాచుకునే యుద్ధంలోనే వుంటుంది. ఆ వేళ పుట్టే రసాలు అవసరానికి మేలే గాని, నెలలూ ఏళ్ళూ పారితే రక్తపోటు పెంచుతాయి, నిద్ర చెడగొడతాయి, రోగాన్ని అడ్డుకునే శక్తిని తగ్గిస్తాయి. రెండో కారణం మరీ సులభం. "ఆ దగ్గేమిటి, డాక్టరుకి చూపించుకోకూడదూ?" అనే మనిషి ఒకడు దగ్గర వుంటాడు. మూడోది, మనకోసం ఎవరో ఎదురు చూస్తారనుకుంటే పొద్దున్నే లేచి గడ్డం గీసుకోబుద్ధి అవుతుంది. మా నాన్నగారు ఫ్లాటులో మూడేసి రోజులు గడ్డం గీసుకునేవారు కారు. అరుగు మీద కూచున్న రోజుల్లో ఒక్కపూట కూడా అలా వుండి ఎరగరు.

ఇంకొక లెక్క చదివి ఒళ్ళు జలదరించింది. 1963లో ఇంగ్లండులో, భార్య పోయిన 4,486 మంది మగవాళ్ళ వివరాలు పరిశీలించారు. అందరూ యాభై అయిదేళ్ళు దాటినవాళ్ళే. భార్య పోయిన మొదటి ఆరునెలల్లో వాళ్ళ మరణాలు, భార్యలున్న అదే వయసువాళ్ళ కంటె నలభై శాతం ఎక్కువ. మా నాన్నగారికి అమ్మ పోయింది. సరిగ్గా ఆ ఆరునెలల్లోనే నేను ఆయన వీధినీ, అరుగునీ, అర్జీలనూ కూడా తీసేసుకున్నాను. సేవ చేస్తున్నాననుకుంటూనే ఆ పని చేశాను.

అయితే మనుషులు చుట్టూ వుంటే చాలదు. ఎలాంటి మనుషులన్నది కూడా వుంది. 2005లో ఒహాయోలో 42 జంటలను పిలిచి, చేతిమీద చిన్న బొబ్బలు కలిగించి, ఒకసారి నెమ్మదిగానూ, ఇంకొకసారి పేచీ వచ్చే విషయం మీదానూ మాట్లాడుకోమన్నారు. పేచీ తరువాత గాయం ఆలస్యంగా మానింది. పగబట్టినట్టు మాట్లాడుకునే జంటల్లో మానే వేగం, తక్కిన వాళ్ళతో పోలిస్తే, అరవై శాతమే. ఈ సంగతి మా ఆవిడకి చదివి వినిపిస్తే, "అయితే నా చెయ్యి కాలినప్పుడల్లా మీరు కాస్త నోరు మూసుకోండి" అంది.

ఆ రాత్రే ఆవిడ ఇంకొక మాట కూడా అంది. "మీ అరుగుని మరీ ఆకాశానికెత్తకండి. దాని మీద అత్తయ్యగారు ఎప్పుడైనా కూచోగా చూశారా?" చూడలేదు. మగవాళ్ళ కబుర్లకి కాఫీలు అందించడమే గాని అమ్మ ఆ అరుగు మీద కూచుని ఎరగదు. ఆమెకి వున్న ఆసరా అంతా పెరటిగోడ అవతలి పొరుగావిడే. అంతేకాదు, మా తాతగారి రోజుల్లో వూళ్ళోవాళ్ళందరికీ ఆ అరుగు మీద చోటు వుండేది కాదు. కొందరు వీధిలో నిలబడే మాట్లాడి వెళ్ళేవారు. ఆ రోజులే మళ్ళీ రావాలని నేననను. కావలసింది పాత అరుగు కాదు, దాని మీద జరిగిన పలకరింపు. దానికి ఈసారి అందరూ కూచోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. ఆ పెంకుటింటికి బేరం వచ్చి వుంది. ఆ డబ్బుతో మా ఫ్లాటు మీద అప్పు తీరిపోతుంది. కాగితం మీద సంతకం పెట్టవలసింది నాన్నగారు. ఆయన పెడతానన్నారు కూడా. "నీకు సుఖంగా వుంటుందంటే పెట్టేస్తానురా. నన్ను మాత్రం ఒక్క పది రోజులు అక్కడ వుండనీ" అన్నారు. పది రోజులకని పంపాను. ఆరో రోజున ఫోను చేస్తే, "తరువాత మాట్లాడతానురా, మనుషులున్నారు" అని పెట్టేశారు. ఆ మాట ఆయన నోట విని ఏడాది దాటింది!

ఆ రాత్రి నేనూ మా ఆవిడా చాలాసేపు కూచుని లెక్కలు వేసుకున్నాం. ఒక పక్క అప్పు, ఆస్పత్రి దూరం, "తండ్రిని పల్లెలో వదిలేశాడు" అనే లోకం మాట. ఇంకొక పక్క ఆ ఒక్క మాట. చివరికి మా ఆవిడే, "మామయ్యగారు ఇక్కడుంటే మనకి ధైర్యం. అక్కడుంటే ఆయనకి ధైర్యం. ఎవరి ధైర్యం కావాలో తేల్చుకోండి" అంది. బేరం వద్దని చెప్పేశాను. వెనకభాగం బాగుచేయించి, మా దూరపు బంధువుల కుటుంబాన్ని అద్దె లేకుండా వుంచాను. రాత్రిపూట ఆయన్ను కనిపెట్టి వుండడమే వాళ్ళు ఇచ్చే అద్దె. నెలకొకసారి తెనాలిలో డాక్టరుకి చూపిస్తున్నాం. రెండు ఆదివారాలకొకసారి నేను వెళ్ళి వస్తున్నాను. ఏడు గళ్ళ డబ్బా కూడా ఆయన వెంటే వెళ్ళింది. నలుగురున్నారని మాత్రలు మానేస్తానంటే నేను ఒప్పుకోను, డాక్టరూ ఒప్పుకోరు.

ఇది జరిగి ఏడాదిన్నర అవుతోంది. నాలుగు కిలోలు పెరిగారు. నిద్ర పడుతోంది. రక్తపోటు మాత్ర రెండోది డాక్టరే తీసేశారు. షుగరు మాత్రం ఎక్కడున్నదక్కడే వుంది. అరుగుకి అంత మహిమ లేదు లెండి! రేపేమవుతుందో నేను చెప్పలేను. ఆయన వయసులో ఎవరూ చెప్పలేరు. కాని ఇప్పుడు రోజూ గడ్డం గీసుకుంటున్నారు.

ఇక నా సంగతి. కోహెన్‌గారి పన్నెండు రకాల లెక్క నాకు నేనే వేసుకుంటే వేళ్ళమీద నాలుగు దాటలేదు. మేము ఈ ఫ్లాటుకి వచ్చి ఆరేళ్ళయింది. ఎదురుగుమ్మం ఆయన్ను లిఫ్టులో చూసి తల వూపడమే గాని పేరు తెలియదు. నాన్నగారు మాత్రం ఫోను చేసినప్పుడల్లా, "మీ ఎదురింటాయన పేరు తెలిసిందా?" అని అడుగుతూనే వున్నారు. ఆ పోరు పడలేక పోయిన సంక్రాంతికి నాలుగు అరిసెలు పట్టుకుని వెళ్ళి తలుపు తట్టాను. రైల్వేలో చేసి రిటైరయిన పెద్దమనిషి. భార్య మంచానపడి వుంది. పిల్లలు విదేశంలో. అరగంట కూచోబెట్టి మాట్లాడారు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, మొహమాటపడుతూ, "మీరు చదువుకున్నవారు. ఆ లైఫ్ సర్టిఫికెట్టేదో ఫోనులోనే అవుతుందటగా, నవంబరులో నాకు కాస్త చేసిపెడతారా?" అని అడిగారు.

ఆ మాటే నాన్నగారికి ఫోనులో చెప్పాను. ఆయన ఒక క్షణం వూరుకుని, "తప్పకుండా చేసిపెట్టు. కాని నవంబరు దాకా ఆగకు. పొద్దున కాలేజీకి పోతూ రోజూ ఒకసారి తలుపు తట్టు" అన్నారు.